ప్రాణానికి జామీను

"ఇయ్యనంటే ఇయ్యను" అన్నాడు హుసేన్ వలి, మోటారుసైకిలు హ్యాండిల్‌ను రెండు చేతులా పట్టుకుని.

ఎదురుగా ఖాకీ ప్యాంటు తొడుక్కున్న దొరసాని నిలబడి ఉంది. నలభై దాటిన మనిషి. ముఖం ఎండకు కందిపోయింది. ఆమెను వెంటబెట్టుకొచ్చిన మిషన్ బడి అయ్యవారు లేవి ఇద్దరి మధ్యా నలిగిపోతున్నాడు. ఆమెకు తెలుగు రాదు, హుసేన్ వలికి ఇంగ్లీషు రాదు. కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయి రెండేళ్లయినా, నంద్యాల మొత్తానికి బాడుగకు దొరికే మోటారుసైకిలు మాత్రం అదొక్కటే, మిలిటరీ వేలంలో కొన్నది.

"ఒక్క పూటకేనప్పా. నల్లమల ఘాటెక్కి, అడివి చూసుకోని, పొద్దు మునిగేలోపల వచ్చేస్తాదంట."

"ఘాటా! ఆ మలుపుల్లో లారీ డ్రైవర్లే దేవున్ని తల్సుకుంటా తోల్తారు. ఈమెకు ఊరు గాని ఊరు, దేశం గాని దేశం. పడిందంటే బండీ పాయ, మనిషీ పాయ, నా నోట్లో మన్నూ పడె. ఈ బండి తప్ప నాకేముండాది అయ్యోరూ?"

లేవి ఆ మాటలు ఆమెకు చెప్పాడు. దొరసాని నవ్వి, సంచిలోంచి ఒక మడత కాగితం తీసి ఇచ్చింది. దానిమీద ఎర్రటి ముద్ర, దాని కింద సంతకాలు. లేవి పై నాలుగు వరుసలూ చదివి కళ్లు పెద్దవి చేశాడు.

"ఏముండాది అందులో?"

"దీన్ని ఇన్సూరెన్సంటారు. అంటే..." లేవి తెలుగు మాట కోసం తడుముకున్నాడు. "ఈమె ప్రయాణంలో ఉన్నన్నాళ్లూ ఈమె ప్రాణానికి లండన్ కంపెనీ జామీను."

హుసేన్ వలి చేతులు హ్యాండిల్ మీది నుంచి జారాయి. జామీను సంగతి తెలియనివాడు కాదు. జామీను నిలిచినవాడు మనిషిని తెచ్చి అప్పగించి తీరాలి. కోర్టులోనైనా, పెద్దమనుషుల ముందరైనా అదే కట్టుబాటు. అలాంటిది, సముద్రాల అవతల కూర్చుని ఒక ప్రాణానికే జామీను నిలిచారంటే!

"అంటే, ఈమెకు ఏమీ కాదనా?"

"కాగూడదనే గదప్పా రాసుకునేది."

"యా అల్లా!" అన్నాడు. కాగితాన్ని తాకబోయి, చేతికి గ్రీజుందని లుంగీకి తుడుచుకుని, వేలికొసతో ముట్టుకున్నాడు. ముందర కూర్చున్న మనిషికి ఏమీ కానప్పుడు, అదే బండి మీద వెనక కూర్చున్నవాడికి మాత్రం ఏమవుతుంది?

"ఇస్తా. కానీ బండి వెంబడి నేనూ పోతా."

దొరసాని టైర్లు నొక్కి చూసింది. బ్రేకు తొక్కి చూసింది. చెయిన్ బిగువు చూసి, తోలు టోపీ పెట్టుకుని గడ్డం కింద పట్టీ బిగించింది. హుసేన్ వలి ఏమీ చూడలేదు. తలకు తువ్వాలు చుట్టుకుని, పెండ్లికి పోయేవాడిలా వెనక సీటెక్కాడు.

ఘాటు మొదలైంది. ఒక పక్క కొండ, ఒక పక్క లోయ. రోడ్డంతా కంకర తేలి ఉంది. చక్రం తగిలి రాళ్లు లోయలోకి జారితే, అవి అడుగు చేరిన చప్పుడే వినపడలేదు. ఇంకో రోజైతే అతని పై ప్రాణాలు పైనే పోయేవి. ఆ రోజు మాత్రం కళ్లింత చేసుకుని చూశాడు. యాభై ఏళ్లుగా ఊళ్లోంచి నీలంగా కనిపించే కొండల్లో ఇన్ని రకాల పచ్చదనం ఉందని అతనికి తెలియదు. టేకు చెట్ల మీదుగా మబ్బు నీడ నిదానంగా నడిచి పోతోంది. నెమలి ఒకటి కాళ్ల కిందుగా, లోయ మీదుగా తోకంతా పరుచుకుని ఎగిరింది. నెమలిని పైనుంచి చూడడం అతనికి అదే మొదలు. ఒళ్లు జలదరించింది. ఇంత దగ్గర్లో ఇంత అందం ఉంచి, నడుమ నా భయాన్ని అడ్డం పెట్టినావా అల్లా, అనుకున్నాడు. ఆపుకోలేక గొంతెత్తి పీర్ల పాట అందుకున్నాడు.

ఒక మలుపులో వెదుర్ల లారీ రోడ్డంతా తనదే అన్నట్టు ఎదురొచ్చింది. దొరసాని బండిని లోయ అంచుకు తిప్పింది. వెనక చక్రం కంకరలో జర్రున జారి, అంచుకు జానెడు దూరంలో ఆగింది. లారీ డ్రైవరు బ్రేకు తొక్కి దేవుడికి దండం పెట్టాడు. హుసేన్ వలి మాత్రం పాట ఆపలేదు. దొరసాని వెనక్కి తిరిగి అతన్ని ఒక్క క్షణం చూసి, మళ్లీ బండి కదిలించింది.

పొద్దు వాలుతుండగా నంద్యాల చేరారు. బండి ఆగీ ఆగకముందే హుసేన్ వలి దూకి లేవి చేతులు పట్టుకున్నాడు.

"అయ్యోరూ, ఆ కాగితం మహిమ కండ్లారా చూసినా! సావు జానెడు దూరానికొచ్చి మర్లిపాయ. నాకూ అట్లాంటిదొకటి రాపిచ్చు. ఏమేం రాయల్లో మొత్తం సదువు."

దొరసాని కాగితం అందించింది. లేవి ఈసారి నింపాదిగా చదివాడు. పేజీ తిప్పాడు. వెనకంతా చీమల బారుల్లా సన్నటి అక్షరాలు. అద్దాలు సర్దుకుని ఒక చోట రెండుసార్లు చదివాడు.

"ఏముండాది చెప్పు!"

"మోటారుసైకిలెక్కితే ఈ జామీను చెల్లదని రాసుండాదప్పా."

హుసేన్ వలి ఉన్నచోటే మట్టిలో కూలబడ్డాడు. పొద్దున్నుంచి రావాల్సిన భయమంతా ఇప్పుడొచ్చి మీద పడింది.

"ఈ సంగతి ఆమెకు తెల్సా? తెలిసే తోలిందా? అడుగు అయ్యోరూ!"

లేవి అడిగాడు. దొరసాని టోపీ విప్పి చేతిలో పట్టుకుని, హుసేన్ వలినే చూస్తూ నిదానంగా జవాబు చెప్పింది. లేవి ఆ మాటల్ని తెలుగు చేశాడు.

"తెల్సంటప్పా. ఆ లారీ ఎదురొచ్చిన మలుపులో భయమై ఎనక్కి మర్లుదామనుకునిందంట. ఎనకాల నువ్వంత నిబ్బరంగా పాడతాంటే, ఈ కొండ తెలిసినోడే పాడతాండాడు, నా ప్రాణానికి ఇంతకన్నా జామీను ఇంకేం కావల్ల అని తోలిందంట."