మాత్ర వేసే పద్ధతి

మా ఆవిడ పెంచుకునే పిల్లికి ఒంట్లో రక్తం పెరగలేదని రిపోర్టు రాగానే, పశువుల డాక్టరు ముందే మా అత్తగారి మీద ఎగిరాను.

"మాత్రలు వేస్తున్నారా, పారేస్తున్నారా? చేతకాకపోతే చెప్పొచ్చుగా అత్తయ్యా!"

వరసలో కూర్చున్నవాళ్లంతా తలలు తిప్పి చూశారు. "మందు పట్టడానికి టైము పడుతుందండీ," అని డాక్టరు అంటూనే ఉన్నాడు. నేను వింటేగా! అత్తగారు పిల్లి బుట్ట మూత సరిచేస్తూ తల దించుకున్నారు.

మర్నాటి నుంచి ఆ పని నేనే పెట్టుకున్నాను. దవడ తెరిచి, మాత్ర నాలుక మీద పడేసి, నోరు మూసి వదిలేయడం. అర నిమిషం పని. నెల తిరిగేసరికి రక్తం పెరిగింది. "చూశారా, మాత్ర వేయడమంటే ఇదీ!" అని వారం రోజులు ఇంట్లో గొప్పలు పోయాను.

ఇవాళ ఆఫీసుకు బయల్దేరి, కళ్లజోడు మరిచిపోయానని సగం మెట్ల నుంచి వెనక్కి వచ్చాను. తలుపు ఓరగా తెరిచి ఉంది.

అత్తగారు నేల మీద బోర్లా పడుకుని, గొడుగు వంకీతో సోఫా కింద నుంచి, నేను ఇందాక వేసిన మాత్రను బయటికి లాగుతున్నారు. దాన్ని తుడిచి, పిల్లిని ఒళ్లో వేసుకుని, నాలుక మొదట్లో పెట్టి గొంతు నిమిరారు.

"రోజూ ఇదేం పనే? గుటుక్కున మింగెయ్ తల్లీ. అల్లుడుగారి పరువు తీయకు."

కళ్లజోడు అడగడానికి మొహం చెల్లలేదు. అలాగే మెట్లు దిగిపోయాను.