మనం, మేము

చైర్మన్ గదిలోంచి చరిత్ర మాస్టారు కొత్త పెళ్ళికొడుకులా తిరిగొచ్చాడు. కాలేజీలో అధ్యాపకుల సంఘం పెడుతున్నామని చెప్పి రమ్మని స్టాఫ్‌రూమంతా కలిసి పంపిన మనిషి ఆయనే.

"ఏమన్నారు?" అంది తెలుగు మేడమ్, దిద్దుతున్న పేపర్లు పక్కకు తోసి.

"పాలకమండలిలో అధ్యాపకులకో కుర్చీ ఇచ్చారు."

"ఎవరికి?"

"నాకే." గొంతు సవరించుకున్నాడు. "ఇంక సంఘమెందుకు? ఆ ఊసే వద్దని మేము నిర్ణయించాం. మీరంతా సహకరించాలి."

మేడమ్‌కి ఒళ్ళు మండింది. పొద్దున "మనం తగ్గేది లేదు" అని బల్ల గుద్దింది ఈ మనిషేనా!

"మేము అంటే ఎవరెవరండీ?"

"అదే... చైర్మన్ గారూ, నేనూ."

"భేష్! 'మనం' అంటే ఎదుటివాళ్ళని కలుపుకోవడం, 'మేము' అంటే వదిలేయడం అని ఏళ్ళ తరబడి క్లాసులో గొంతు చించుకుంటున్నా, ఒక్కడికీ ఎక్కలేదు. మీకు మాత్రం చైర్మన్ గారు ఒక్క కప్పు కాఫీతో ఎక్కించేశారు."

"వ్యాకరణం పట్టుకుని వేలాడతారేంటి మేడమ్!" అంటూ నవ్వాడు. ఆ నవ్వుకి ఎవరూ తోడు రాలేదు.

నాకెందుకొచ్చిన గొడవ అని ఎప్పుడూ తప్పుకునే లెక్కల మాస్టారు, తన కుర్చీ మేడమ్ బల్ల దగ్గరికి లాక్కున్నాడు. "సంఘం మీటింగు మనం ఎప్పుడు పెట్టుకుందాం మేడమ్?"

మిగతా కుర్చీలూ కదిలాయి.

చరిత్ర మాస్టారి ముఖం పాలిపోయింది. "ఎప్పుడు? ఎక్కడ? నాకూ చెప్పాలిగా!"

తెలుగు మేడమ్ ఎర్రసిరా పెన్నుకి మూత పెట్టింది.

"మేము మాట్లాడుకుని చెప్తాం లెండి."