పడవ భయం

అరబ్బు దేశంలో, అల్ ఐన్‌లో తామిద్దరూ పనిచేసే ఇంటి వంటగదిలో చిన్ని పేరమ్మకు ఫోన్‌లో జెనీవా ఫోటోలు చూపిస్తోంది.

"ఇదేనక్కా సరస్సు. ఇయ్యి హంసలు. ఇదిగో, పడవలో నేను!"

ఫోటోలో చిన్ని ఒంటిమీదున్న ఎర్ర స్వెట్టరు పేరమ్మ ఆ ప్రయాణం కోసం కొనుక్కున్నది; యజమానులు వెంట ఒక్క పనిమనిషినే తీసుకెళ్తామన్నారు. "నీ వీసా రాలేదక్కా" అని చిన్ని చెప్పినరోజు, పక్క ఊరి పిల్ల చలికి వణక్కూడదని తనే ఇచ్చింది.

"బాగా నప్పిందే," అంది పేరమ్మ.

ఇంటి యజమానురాలు వచ్చి పేరమ్మ చేతిలో చాక్లెట్ల పెట్టె పెట్టింది. పన్నెండేళ్ళుగా వింటున్న అరబ్బీ కాబట్టి ఆవిడ మాట ప్రతిదీ పేరమ్మకు అర్థమవుతుంది.

"వచ్చే ఏడు నువ్వు రా. నీ భర్త నదిలో మునిగి చనిపోయాడనీ, నీళ్ళు చూస్తే వణికిపోతావనీ చిన్ని చెప్పింది. అందుకే నీకు వీసా అడగలేదు. గుర్తుచేసి బాధపెట్టడం ఎందుకని నీతోనూ అనలేదు."

ఆవిడ వెళ్ళిపోయింది. చిన్ని ఫోన్ బోర్లించింది.

భర్త పోయిన సంగతి పేరమ్మ ఈ దేశంలో ఒక్కరికే చెప్పింది. కొత్తలో ఇంటిమీద బెంగతో ఏడుస్తున్న చిన్నిని ఊరుకోబెడుతూ చెప్పింది.

"నాకూ ఒక్కసారి చూడాలనిపించిందక్కా..."

"పడవెక్కితే భయమేసిందా?"

"లేదు."

"నాకూ వెయ్యదే. ఆయన పోయాక నెల తిరక్కుండానే అదే రేవులో పడవెక్కి కూలికెళ్ళాను," అంది పేరమ్మ. "ఆ సంగతి నీకు చెప్పలేదు కదూ?"