ఎర్రపూలూ తెల్లపూలూ

పూలజాడీలో ఎర్ర కార్నేషన్లూ తెల్ల కార్నేషన్లూ కలిసి ఉన్నాయి.

"ఎవరు పెట్టారివి?" సిస్టర్ ఎడ్నా గొంతు వార్డు చివరిదాకా వినిపించింది.

"ఆయనే సిస్టర్. బూడిదరంగు కోటాయన. నిన్న వచ్చాడు," అంది నర్సు బెరిల్ గోడకి అంటుకుపోతూ.

జాడీ పక్కన మంచం ఖాళీగా ఉంది. అందులోని ముసలాయన తెల్లవారేలోగా పోయాడు.

ఎరుపంటే నెత్తురు, తెలుపంటే కట్టుగుడ్డ. ఆ రెండూ ఒకే జాడీలో కలిశాయంటే వార్డులో ఎవరికో మూడినట్టే. ఇంగ్లండులోని లాంకషైర్‌లో ఏ నర్సునడిగినా, అబ్బే, ఇవన్నీ నమ్మం అంటుంది. అంటూనే పూలు విడదీస్తుంది.

పూలొక్కటే అయితే ఎడ్నా సరిపెట్టుకునేది. ఆయన ఎవరి పక్కన కూర్చుంటే వాళ్ళు మర్నాటికి ఉండటం లేదు.

"శవపెట్టెల కొట్టువాడేమో సిస్టర్. ముందే కొలతలు తీసుకుపోతున్నాడు."

"నోర్ముయ్. మళ్ళీ వస్తే గుమ్మం దాటనివ్వకు."

కిటికీ పక్క మంచంలో ఇప్పుడు ఉన్నది ఎడ్నా తండ్రి వాల్టర్.

పేరుకి అది జిల్లా ఆసుపత్రి. బోర్డు మారింది గానీ గోడలు వెనకటి బీదల గృహానివే. దిక్కులేనివాళ్ళని తెచ్చి పడేసే చోటు. వాల్టర్ తల్లి ఈ గదిలోనే, పక్కన మనిషన్నవాడు లేకుండా పోయింది. ఇప్పుడు వైద్యానికి లోటు లేదు, మనుషులకే లోటు. అన్ని మంచాలకీ కలిపి ఎడ్నా, బెరిల్ ఇద్దరే. చుట్టాలొచ్చే వేళ ముగియగానే చేతిగంట కొట్టి అందర్నీ బయటికి తోలడంలో ఎడ్నాకి ఊరంతా పేరుంది. అలా తోలకపోతే పని సాగదు మరి.

"ఇక్కడ పోయినా ఫర్వాలేదు తల్లీ," అన్నాడు వాల్టర్, చేరిన రోజున. "మా అమ్మలా ఒంటరిగా మాత్రం పోనివ్వకు."

"నేనుండగా ఒంటరివాడివెలా అవుతావు నాన్నా?"

పూల గొడవ జరిగిన మర్నాడు మధ్యాహ్నం చుట్టాలొచ్చే వేళకి బూడిదరంగు కోటాయన వచ్చాడు. చేతిలో తడి కాగితం, అందులో మళ్ళీ ఎర్రపూలూ తెల్లపూలూ. గుమ్మంలో ఆగి ఒక్కో మంచాన్నీ చూశాడు. ఆపాల్సిన బెరిల్ ఎవరికో దుప్పటి మారుస్తోంది.

ఆయన తిన్నగా కిటికీ దగ్గరికి నడిచి, కుర్చీ లాక్కుని, వాల్టర్ చెయ్యి పట్టుకున్నాడు.

ఎడ్నా గబగబా అక్కడికి వెళ్ళింది.

"ఇదిగో పెద్దమనిషీ! ఈయన మీకేమవుతారు?"

"ఏమీ కారు."

"అయితే లేవండి."

"ఈరోజు కూర్చోవాలి సిస్టర్. రేపు కుదరదు."

"మర్యాదగా బయటికి నడుస్తారా, మనుషుల్ని పిలవమంటారా?"

"ఉండనీ తల్లీ," వాల్టర్ కళ్ళు మూసుకునే అన్నాడు. "చెయ్యి వెచ్చగా ఉంది."

"నువ్వూరుకో నాన్నా!"

పూలు లాక్కుని చెత్తబుట్టలో పడేసింది. ఆయన లేచాడు. కోపం లేదు. ఆమె ముఖంలోకి చూశాడంతే.

"ఈసారి గంట కూడా కొట్టలేదే," అనేసి వెళ్ళిపోయాడు.

ఆ మాటేమిటో ఆలోచించే తీరిక దొరకలేదు.

"సిస్టర్! తలుపు పక్కాయన! నెత్తురు ఆగడం లేదు!"

బెరిల్ కేక విని ఎడ్నా పరుగెత్తింది. డాక్టరు వచ్చేదాకా తన రెండు చేతులతో అదిమిపట్టుకుంది. ఆ మనిషి బతికాడు.

చేతులు కడుక్కుని వచ్చేసరికి వాల్టర్ పోయి ఉన్నాడు.

తల కుర్చీ వైపు తిరిగి ఉంది. ఖాళీ కుర్చీ మీదికి చెయ్యి చాచి ఉంది, వేళ్ళు దేన్నో వెతుక్కున్నట్టు.

కూలబడి ఏడ్వాలనిపించింది. కానీ ముందు కిటికీ తెరిచింది. పోయిన ప్రాణానికి దారివ్వడం అక్కడి నర్సుల ఆనవాయితీ.

కింద పొగమంచులో ఆయన నిలబడి ఉన్నాడు. టోపీ తీసి, సరిగ్గా ఆ కిటికీకేసే చూస్తున్నాడు.

నాన్న పోయాడని అప్పటికింకా ఎవరికీ చెప్పలేదు ఎడ్నా.

"చూశావా ఎర్నీ!" తలుపు పక్కాయన కోసం స్ట్రెచర్ తోసుకుంటూ వార్డులోకొచ్చిన ముసలి ఎర్నీ భుజం పట్టుకుని ఊపేసింది. "వాడే! మా నాన్నని తీసుకుపోయింది వాడే!"

ఎర్నీ కిందికి చూశాడు. మంచు తప్ప ఏమీ లేదు.

"ఆయన ఎవర్నీ తీసుకుపోడు సిస్టరమ్మా. ఆఖరి ఘడియలో పక్కన ఎవరూ లేనివాళ్ళ దగ్గర కూర్చుంటాడు."

"ఎవరు పోతారో వాడికెలా తెలుసు?"

"నేనూ అడిగాను. పోయే ముందు ముఖం ఎలా ఉంటుందో ఒకసారి చూశాను, మళ్ళీ చూస్తే పోల్చుకోలేనా అన్నాడు."

"మరి ఆ పూలు?"

"గేటు దగ్గర పూలావిడ ఊరికే ఇచ్చేస్తుంది. ఆ రెండు రంగులూ కలిస్తే మీరు లోపలికి రానివ్వరుగా, ఎవరు కొంటారు?"

ఎడ్నా చెత్తబుట్ట వైపు చూసింది.

"అసలెవరు ఎర్నీ, ఆయన?"

ఎర్నీ వాల్టర్ చెయ్యి కుర్చీ మీంచి తీసి, గుండెల మీద పెట్టి, దుప్పటి కప్పాడు.

"గుర్తుపట్టలేదా? అయిదారేళ్ళ కిందట, ఇదే మంచం. పెళ్ళాం చెయ్యి వదల్లేక ఇంకొక్క నిమిషం అని బతిమాలితే, చెవి దగ్గర గంట కొట్టి మీరు పంపేశారే, ఆయన మెట్లు దిగేలోగానే ఆవిడ ఒక్కతే పోయిందే, ఆ మొగుడు."