ఆగిపోతేనే కబురు

“ఈ చుక్కల వెనక ఏముంది?” అని అడిగింది యేసమ్మ, కంప్యూటర్ తెర మీద ఒక గడిని వేలితో చూపిస్తూ.

“పాస్‌వర్డ్ మేడం. పాత ఆపరేటర్ జీవరాజు దాసిపెట్టిండు,” అన్నాడు రామ్‌దాస్. బోధన్ దగ్గరి ఆ చక్కెర కార్ఖానాలో కొత్త ఆపరేటరుగా అతను చేరి మూడు రోజులైంది.

“దానిని చదవగలవా?”

“ఎవ్వరం సదవలేం. మనం చెరిపేసి కొత్తది పెట్టొచ్చు, గంతే.”

“చెరపవద్దు.”

చెరకు విభాగానికి ఆమె సూపరింటెండెంటు. ఆమె వద్దన్న పనిని మళ్ళీ అడిగే అలవాటు ఆ గదిలో ఎవరికీ లేదు.

ప్రతి ఉదయం అయిదు గంటలకు ఆ కంప్యూటర్ తనంతట తానే చెరకు నాటిన తేదీల వరుసలో కోత పర్మిట్ల జాబితా తయారుచేసి, ఎడపల్లి మొదలు నాలుగు ఊళ్ళలోని తూకం కాటాలకు మెయిల్ చేస్తుంది. ఆ ఏర్పాటు చేసినవాడు జీవరాజు. మెయిళ్ళు ఇప్పటికీ అతని సొంత అకౌంటు నుంచి, అతని పేరు మీదనే వెళుతున్నాయి.

నిరుడు, అంటే రెండువేల రెండులో, ఆ వరుస తారుమారైంది. ఆలస్యంగా నాటిన పెద్ద రైతులకు పర్మిట్లు ముందు వచ్చాయి. ముందు నాటిన చిన్న రైతుల చెరకు పొలంలోనే ఎండిపోయింది. నింద ఆపరేటర్ మీద పడింది. వారం తిరగకముందే అతని స్కూటరూ చెప్పులూ మంజీర వంతెన మీద కనిపించాయి. శవం మాత్రం దొరకలేదు. తప్పు చేసి నదిలో దూకాడని విచారణాధికారి మూడు వాక్యాలు రాసి ఫైలు మూసివేశాడు. నేరం రుజువు కాలేదు. శిక్ష మాత్రం అమలైపోయింది.

ఈ సీజనుకే బదిలీ మీద వచ్చిన చెరకు అధికారి ఆత్మారాం గదిలోకి తొంగి చూశాడు.

“ఏం రామ్‌దాస్, ఇంక కొత్త అకౌంట్ పెట్టలే? చచ్చినోడు పొద్దుగాల్నే లేసి చిట్టీలు రాస్తుండని కాటాల కాడ నవ్వుతుండ్రు.”

“నవ్వనివ్వండి,” అంది యేసమ్మ. “అతని పేరు తీసివేస్తే, దొంగ అని మనమూ సంతకం చేసినట్టే. ముందు ఆ విచారణ మళ్ళీ జరిపించండి.”

“జవాబు చెప్పెటందుకు మనిషి ఉండాలె గద మేడం? లేనోని మీద విచారణ యాడన్న ఉంటదా? రేపు గీ మెషీన్ ఆగిపోతే జిమ్మెదారి ఎవరిది?”

“నాది.”

ఆ మాటనే కాగితం మీద రాసి, తేదీ వేసి, సంతకం చేసి ఇచ్చింది. ఆత్మారాం దానిని మడిచి జేబులో పెట్టుకున్నాడు.

“మీతోని నాకెందుకు తియ్యండి,” అంటూ వెళ్ళిపోయాడు.

యేసమ్మ కుర్చీ దగ్గరికి జరుపుకుంది. “పని ఆగితే కబురు వచ్చేటట్టు పెట్టగలవా?”

“పెడత. ఫ్యాక్టరీ లోపలి అకౌంట్ నుంచి మీకు మెయిల్ వస్తది, దానికి ఫోన్ లైన్ అక్కర్లేదు. పని మంచిగైన రోజు గూడ పంపమంటరా?”

“వద్దు. ఆగిపోతేనే.”

“ఎవరెవరికి?”

“నాకొక్కదానికే. ఎందుకు ఆగిందో కారణం కూడా ఉండాలి.”

“ఉంటది. ఫోన్ లైన్ పోయిందా, పాస్‌వర్డ్ తప్పయిందా, అన్నీ రాస్తది. అయినా పాస్‌వర్డ్ ఫికర్ వద్దు మేడం. మార్చాలంటే పాతది తెలువాలె. మీరు నిమ్మళంగ ఉండుండ్రి.”



మరునాటి నుంచి ఆమె ఆరు గంటలకే ఆఫీసులో ఉండేది. ముందురోజు సాయంత్రమే జాబితా నాలుగు ప్రతులు తీయించి, కవర్లలో పెట్టి, మొదటి బస్సుకు సిద్ధంగా ఉంచేది.

“గిదంత చేతితోని చేస్తే కంప్యూటర్ ఎందుకు మేడం?” అని రామ్‌దాస్ నవ్వాడు.

“మన యంత్రం ఆగినందుకు రైతు చెరకు ఎండకూడదు.”

డిసెంబరు మొదట్లో ఒకసారి కబురు వచ్చింది. ఆమె కళ్ళజోడు పెట్టుకుని, వాక్యం వాక్యం చదివి, “ఫోన్ లైన్,” అంది. ఆ రోజంతా ఎవరితోనూ మాట్లాడలేదు. టెలిఫోన్ వాళ్ళ మీద కోపమని రామ్‌దాస్ అనుకున్నాడు. జనవరిలో మళ్ళీ వచ్చింది. అదీ ఫోన్ లైనే.

ఆ రెండు కబుర్ల నడుమ, క్రిస్మస్ నాడు ఆరాధన ముగియగానే, చర్చి బట్టలతోనే వచ్చి కంప్యూటర్ ముందు కూర్చుంది. తెర మీద కొత్త కబురేమీ లేదు.

“పండుగ పూట గూడ ఇంటికి పోరా మేడం?”

“ఇంట్లో ఎవరున్నారు?” అంది ఆమె. అది ప్రశ్నలాగా వినిపించలేదు.

ఫిబ్రవరి రెండో వారంలో ఒక ఉదయం రామ్‌దాస్ వచ్చేసరికి కవర్లు బస్సెక్కి వెళ్ళిపోయాయి. యేసమ్మ చేతులు ఒళ్ళో పెట్టుకుని తెర వైపు చూస్తోంది. పని ఆగిపోయింది. అతను మరొకసారి నడిపించి చూశాడు. మళ్ళీ ఆగింది.

“లైన్ మంచిగనే ఉంది మేడం. పాస్‌వర్డ్ తప్పంటుంది. ఎవరో మార్చిండ్రు.”

“సరిగ్గా చూశావా?”

“రెండుసార్లు చూసిన.”

ఆ మాట అప్పుడే లోపలికి వచ్చిన ఆత్మారాం చెవిన పడింది. “చెప్పిన్నా, లేదా? మీరు సంతకం చేసిన కాగితం నా తాననే ఉన్నది. మెమో ఇయ్యాల్సి వస్తది మేడం.”

“ఇవ్వండి. తీసుకుంటాను,” అంది యేసమ్మ. ఒక తెల్లకాగితం ముందుకు లాగి కలం మూత తీసింది. “నేనూ ఒకటి ఇస్తాను. జీవరాజు మీద విచారణ మళ్ళీ మొదలుపెట్టాలి.”

“మళ్ళ అదే మాటనా? జవాబు చెప్పెటోడు ఏడి మేడం?”

యేసమ్మ కళ్ళజోడు తీసింది. ముప్పై రెండేళ్ళ సర్వీసులో ఆ ఆఫీసు గోడల మధ్య ఎన్నడూ పలకని ఇంటి మాట ఆమె నోట వచ్చింది.

“మా తమ్ముడు బతికే ఉన్నడు.”