పోశవ్వ చరణం

కొత్త నియమం ప్రకారం, ఆ సాయంత్రం ఆరు దాటితే, యజమాని పేరు నమోదు కాని పాట ఏదీ ఎవరికీ వినిపించదు. అందరి చెవుల్లో ఉండే యంత్రాలే దాన్ని ఆపేస్తాయి. స్వరూప ఆన్‌లైన్‌లో పెట్టిన, తల్లి పాడిన నాట్ల పాటకూ అదే గతి. అందుకే పొద్దున్నే తల్లి రాజవ్వను నమోదు పెట్టె ముందు కూర్చోబెట్టింది.

"పాట కట్టినవారి పేరు?" అంది పెట్టె.

"ఒక్కలు కడితే గదా! నాట్లేసుకుంట పదకొండు మందిమి తలా ఓ చరణం కట్టినం."

"అందరి పేర్లూ చెప్పండి. పాట మీద వచ్చే డబ్బులో ఎవరి వాటా వారింటికి చేరుతుంది."

రాజవ్వ పదకొండు పేర్లూ చెప్పింది.

"ఇప్పుడు పాట పూర్తిగా పాడండి."

నాట్లు యంత్రాలు వేయబట్టి ముప్పై ఏళ్లయింది. అయినా రాజవ్వ గొంతు బురదలో అడుగులేసినట్టే నిదానంగా సాగింది. ఏడో చరణం దగ్గర ఆగిపోయింది.

"ఇది పోశవ్వది బిడ్డా. ఆమె పాడుతుంటే మేమందరం నడుము లేపి ఊపిరి దీసుకునేటోళ్లం. పోశవ్వతోనే పోయింది."

"పాట అసంపూర్ణం," అంది పెట్టె.

స్వరూప గొంతు సవరించుకుని ఆ చరణం అందుకుంది. ఒక్క మాట తప్పలేదు.

రాజవ్వ నోరెళ్లబెట్టింది. "నిన్ను ఒక్కనాడు బురదల దిగనియ్యలే గదనే! ఎప్పుడు నేర్సుకున్నవ్?"

"గట్టు మీద కూసోబెట్టి ఎక్కాలు చదువుకొమ్మన్నవ్ గదా అవ్వా. ఎక్కాలు ఎవలు చదివిన్రు?"

రాజవ్వ కొట్టబోతున్నట్టు చెయ్యెత్తి, ఎనిమిదో చరణం అందుకుంది.