ఉమ్మడి దోనె

"ఇక చూస్కోండి పంతులుగారూ. మజీద్ చెయ్యి పడిన దోనె జన్మలో మళ్ళీ పూడదు," అన్నాడు అబ్దుల్ మజీద్, నిచ్చెన దిగబోతూ.

అవతలి నిచ్చెన మీదున్న కామేశం మొహం కాస్త వాడింది. "అయితే ఇంక తాడేపల్లిగూడెం వెళ్ళక్కర్లేదంటారా? పొడుగు పిడి బ్రష్షు కొత్తగా వచ్చిందటండి. తలకాయ ఎటు కావాలంటే అటు తిరుగుతుందట."

"అక్కర్లేదండి."

"ఒకసారి చూసొస్తే పోయేదేముందండి?"

మజీద్ రెండు మెట్లు దిగాడు.

ఏలూరులో ఆ రెండు పెంకుటిళ్ళకీ నడిమి గోడ ఒక్కటే. టైలరు మజీద్ ఇంటి కప్పూ, గుడి పూజారి కామేశం ఇంటి కప్పూ వాలి కలిసేచోట ఒక రేకు దోనె ఉంది. రెండు కప్పుల మీద పడ్డ వాన దాంట్లోంచే వీధిలోకి పోవాలి. పోలేదంటే ఇటు కుట్టుమిషనూ, అటు దేవుడి అలమారా తడుస్తాయి.

ఈ వానాకాలం అది మాటిమాటికీ పూడిపోతోంది. ఎప్పుడు తీసినా గుడి కొబ్బరికాయల పీచే. దాన్ని గెలిచే పనిముట్టు కోసం ఇద్దరూ స్కూటరెక్కి తాడేపల్లిగూడెం వెళ్ళని వారం లేదు. మొదట వెదురు గడకి కట్టిన చీపురు తెచ్చారు. దోనెలోకి రెండూ వెళ్ళాయి, గడ ఒక్కటే తిరిగొచ్చింది. తర్వాత కొస వంచిన ప్లాస్టిక్ పైపు తెచ్చి మోటారుకి తగిలించారు. దోనె తప్ప వీధంతా శుభ్రపడింది. అటుగా పోతున్న పాలవాడికి ఆ పూట రెండో స్నానమైంది. గాలి ఊదే మిషను అద్దెకి తెస్తే, చెత్త కొల్లేరు కొంగల్లా గుంపుగా లేచి, ఊరంతా ఓ చుట్టు చుట్టి, మళ్ళీ అదే దోనెలో వాలింది. చివరికి పనికొచ్చినవి నూనె డబ్బా కోసి చేసిన చేటా, మజీద్ చెయ్యీ. ఆ రెండూ మొదట్నుంచీ ఇంట్లోనే ఉన్నాయి.

అయినా ఏ బ్రష్షు మంచిదో టీ కొట్టు బెంచీ మీద కూర్చునే తేల్చాలి కదా. దానికి ఒక పూట పట్టేది. మామూలు రోజుల్లో గోడ దగ్గర రెండు మాటలాడుకుంటే చాలు, ఇటునుంచి మజీద్ భార్య నసీమా "జాకెట్లు ఎవరు కుడతారండీ?" అనేది. అటునుంచి కామేశం భార్య ఉమాకుమారి "గుడికి వేళవుతోందండీ" అనేది. దోనె పనంటే మాత్రం ఇద్దరూ పల్లెత్తు మాట అనేవారు కాదు.

ఈ పొద్దున నసీమా తేల్చేసింది. "ఇంకొక్కసారి పూడిందంటే రేకుల పనిచేసే ఎలీయాజరుని పిలుస్తాను. నడిమి గోడ కప్పు పైదాకా లేపించి ఎవరి దోనె వాళ్ళకి పెట్టించేస్తా. వాళ్ళ పీచు వాళ్ళ దగ్గరే ఉంటుంది."

ఆ మాట పంతులుగారితో చెప్పడానికి మజీద్‌కి నోరు రాలేదు. దోనె ఇక పూడదని మాత్రం గట్టి నమ్మకం. దానికి కారణాలు అతనికున్నాయి.

"పోనీ, దీపపు సెమ్మెలు తుడుచుకోవడానికి గుడ్డపీలికలు కాసిని ఇద్దురూ," అన్నాడు కామేశం నిట్టూరుస్తూ. "మీకు దోమల పొగకి పీచు కావాలా?"

"ఈసారికి వద్దండి," అని మజీద్ గుప్పెడు పీలికలు తెచ్చి అందించాడు.

తెల్లారేసరికి వాన. కుట్టుమిషను మీద ధార.

మజీద్‌కి ఏమీ బోధపడలేదు. కప్పు వైపు చూశాడు. తన చేతుల వైపు చూసుకున్నాడు. ఏ లెక్కా కుదరలేదు. నిచ్చెనెక్కి, నీళ్ళు పోయే కంతలో చెయ్యి పెట్టి లాగాడు. పచ్చ వెల్వెట్టు, ఎర్ర సిల్కు. నిన్న తను కత్తిరించిన జాకెట్ల పీలికలు, ఉండ చుట్టి ముడేసి ఉన్నాయి.

"ఏమొచ్చిందండీ?" అంది కింద నిచ్చెన పట్టుకున్న నసీమా.

"ఏం లేదు."

"ఆ ఏం లేనిదే ఇటు పడెయ్యండి." ఉండని తిప్పి చూసింది. "ఎలకలకి ముడెయ్యడం ఎవరు నేర్పారో. ఈ వీధిలో టైలరు మీరొక్కరే కదండీ?"

అంతలో అవతల కామేశం తల పైకొచ్చింది. అప్పటికే ఇస్త్రీ చొక్కా తొడుక్కుని ఉన్నాడు. "మళ్ళీ పూడిందటగా. స్కూటరు తియ్యమంటారా?"

"ఉండండి పంతులుగారూ," అంది నసీమా. "ఇన్నాళ్ళూ మీ పీచని మిమ్మల్ని ఆడిపోసుకున్నాను. ఏవండీ, నిజం చెప్తే ఎలీయాజరుని పిలవను. చెప్పకపోతే ఇప్పుడే ఫోను చేస్తాను."

మజీద్ ఆ గుడ్డల వంకా, ఇస్త్రీ చొక్కా వంకా మార్చి మార్చి చూసి, గొంతు సవరించుకున్నాడు.

"పీచు కూరింది నేనే గానీ, ఈ గుడ్డలు నేను కాదు."